ద్వాళి పెట్టుకున్న వకీలు

కాగితం కనబడితే ద్వాళి కళ్లు చిట్లించేది. తప్పు ఆమెది కాదు. ఆమె మామ తావుర్యా ఎవరో అడిగారని ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చాడు. నాలుగేళ్లకు ఆ కాగితం మీద నాలుగెకరాల అమ్మకం మొలిచింది. కొన్నది యాదగిరిరావట, మేళ్లచెరువు సిమెంటు లారీల ఆసామి. చివ్వెంల దగ్గరి తండాలో ఆ మెట్ట చెలక తప్ప వాళ్లకు ఇంకేమీ లేదు. మామ ఆ దిగులుతోనే పోయాడు. భర్త భద్రుకు కోర్టంటే వణుకు. అందుకని 1982లో సూర్యాపేట కోర్టు మెట్లు ద్వాళే ఎక్కింది.

వకీలు జనార్దన్ అప్పుడు కుర్రవాడు, మాట చురుకు. వకాలత్‌నామా ముందు పెడితే ఆమె వేలు ఇవ్వలేదు.

"అంజన్నా, ఖాళీ జాగలల్ల గీతలు కొట్టు. గప్పుడేస్త" అంది గుమాస్తాతో.

అంతటితో ఊరుకుందా? గుమాస్తా చదివి వినిపించాక, బస్టాండుకు పోయి ముక్కూ మొహం తెలియని కండక్టరుతో దాన్ని మళ్లీ చదివించుకుంది. రెండు చదువులూ ఒకటేనని తేలాకే వేలిముద్ర పడింది. ఏడేళ్లు ప్రతి కాగితానికీ ఇదే తంతు. వాయిదా రోజున వకీలు ఎవరితో చాయ్ తాగుతున్నాడో కూడా చెట్టు చాటు నుంచి చూసేది.

ఏడో ఏట ఒకరోజు ఆమె అడగకముందే జనార్దన్ తానే గీతలు కొట్టి కాగితం ఇచ్చాడు. ఆ రోజు ద్వాళి బస్టాండుకు పోలేదు. ఈయన మనవాడేనని మొదటిసారి అనుకుంది. ఆ మాట ఆయనకు మాత్రం చెప్పలేదు, చెప్తే చెడిపోతాడని.

ఎనభైతొమ్మిదిలో ఆయన ఎంపీ అయ్యాడు, తర్వాత ఢిల్లీలో పార్టీకి ప్రధాన కార్యదర్శి. తండాలో అందరూ సంబరపడ్డారు. కేసు మాత్రం జూనియర్ చేతికి వచ్చి వాయిదాల మీద వాయిదాలు పడింది. ద్వాళికి మళ్లీ నిద్ర కరువైంది.

తొంభైఅయిదులో మిర్యాలగూడలో ఆయన సభ. కోదాడ నుంచీ చివ్వెంల నుంచీ జనాన్ని లారీల్లో ఉచితంగా తోలారు. ఆ లారీలు ఎవరివో చూసి ద్వాళి బస్సెక్కింది. ఆయన దిగిన గెస్ట్‌హౌస్ వరండాలో యాదగిరిరావు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

జనార్దన్ ఆమెను గుర్తుపట్టి లోపలికి పిలిచాడు.

"రాజీ చేసుకో ద్వాళీ. రెండెకరాలు నీకుంటయి. నేను మాటిచ్చిన."

"ఎవలకిచ్చినవ్ సారు మాట?"

ఆయన చూపు వరండా వైపు పోయి వచ్చింది. "కొట్లాడితే ఇంకో పదేండ్లు పడతది."

"పడనియ్యి. ఇంకో వకీలును పెట్టుకుంట. నీకు అభ్యంతరం లేదని సంతకం చెయ్యి, నా కేసు కట్ట నాకిప్పియ్యి."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉండె సారు" అంది ద్వాళి.

ఆయన తలెత్తకుండా సంతకం చేశాడు. మర్నాడు సూర్యాపేటలో జూనియర్ దగ్గర కట్ట తీసుకుని చంకలో పెట్టుకుంది. ఈ ఒక్కణ్ణి నమ్మడానికే ఆమెకు ఏడేళ్లు పట్టింది. కోర్టు ముందు వరసగా ఉన్న వకీళ్ల బోర్డుల కింద నిలబడి, ఇప్పుడు ఎవరిని మొదటి నుంచి అనుమానించాలా అని చూస్తోంది.