అప్పన్న సున్నం, మా సీసాలు

1964 వేసవి. ఖరగ్‌పూర్‌లో ఆవిరి ఇంజన్ల బాయిలర్లకు వెళ్ళే నీటిని పరీక్షించే చిన్న లేబరేటరీలో నేను కెమికల్ అసిస్టెంటుని. ఖరిదా బజారు వెనక రెండు గదులు, అంతే. నీళ్ళు కాసాయి నది నుంచి వచ్చేవి. రోజూ పొద్దున్నే లారీలో సీసాలు దిగేవి. నేను పరీక్షించి అంకెలు రాసి సంతకం పెట్టేవాణ్ణి.

ఆ అంకెల్లో ఒకటి ఫ్రీ కార్బన్ డయాక్సైడ్, అంటే నీటిలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు. సోడా సీసాలో బుసబుసమనేది ఇదే. ఎక్కువైతే ఇనప గొట్టాన్ని తినేస్తుంది. అందుకని మేము రాసిన అంకెను బట్టి ఏటి ఒడ్డు పంపు హౌస్‌లో నీటికి సున్నం కలుపుతారు. సున్నం ఆ వాయువును పట్టేస్తుంది.

సున్నం కలిపే పని అప్పన్నది. టెక్కలి వైపు మనిషి. ఏప్రిల్‌లో పంపు హౌస్ నుంచి నీళ్ళు తెచ్చే గొట్టం విప్పితే లోపలంతా మశూచి మచ్చల్లాంటి గుంటలు. వేసి ఏడాది కాలేదు. కాగితం మీద మా అంకె చూస్తే తక్కువే ఉంది. కాబట్టి అప్పన్న సున్నం పోయకుండా అమ్ముకున్నాడని పై అధికారులు కుర్చీల్లోంచి కదలకుండానే తేల్చేశారు. వారంలో జవాబు చెప్పకపోతే ఉద్యోగం పోతుందని కాగితం ఇచ్చారు.

అది పట్టుకుని అతను నా దగ్గరికే వచ్చాడు.

"ఏటి బాబూ ఇది? సున్నం అమ్ముకున్నానని రాసినారట. మీ సీసా ఎంత సెప్తే అంత పోసినాను. ఒక్క పూట మానలేదు."

"మా అంకె ప్రకారం పోస్తే గొట్టం పాడవకూడదు అప్పన్నా."

"మీరు ఒక్కసారైనా ఏటికాడికొచ్చి సూసినారా? మిల్లోళ్ళు గొట్టం ఎట్టినకాడ్నించి నీళ్ళు కుళ్ళిపోనాయి. లారీ ఎక్కొచ్చిన నీళ్ళు సూసి నన్ను దొంగంటే ఎలాగ?"

జమీందారు మా తాతగారి ఎదుట గొంతెత్తి మాట్లాడినవాడు లేడు. భూములు పోయాయి గానీ మాట పడే అలవాటు మాకు ఇంకా రాలేదు. కోపం వచ్చింది. కానీ తప్పు చేసినవాడు అంత సూటిగా చూడలేడు. మర్నాడు బ్యూరెట్, అంటే ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే గీతల గాజు గొట్టం, గుడ్డలో చుట్టుకుని లారీ ఎక్కాను.

పంపు హౌస్‌కి కాస్త ఎగువన అట్టల మిల్లు. గడ్డి ఉడికించిన నీళ్ళన్నీ సరాసరి నదిలోకి వదులుతున్నారు. ఇసుక మధ్య సన్నటి వేసవి పాయ టీ డికాషన్ రంగులో ఉంది. అడుగు నుంచి బుడగలు లేస్తున్నాయి. చెత్త కుళ్ళిన కొద్దీ నీటిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పట్టినంత నీరు దాచుకుంటుంది, మిగిలింది కంటికి కనబడకుండా గాలిలో కలుస్తుంది.

ఒడ్డునే పరీక్ష చేశాను. రంగు తేల్చే మందు రెండు చుక్కలు వేసిన నీటిలో చాకలి సోడా ద్రావణం పడేకొద్దీ గులాబీ రంగు వచ్చి నిలవాలి. నిలిస్తే వాయువు తీరిందని అర్థం. ఎంతకీ నిలవలేదు. చివరికి మేము రాస్తున్న అంకెకు నాలుగు రెట్లు తేలింది. అవే నీళ్ళు ఎప్పటిలా లారీలో తెచ్చి పరీక్షిస్తే మళ్ళీ పాత అంకే!

సీసాను నీళ్ళలో ముంచి, లోపల గాలి లేకుండా బిరడా పెట్టాలని పుస్తకంలో ఉంది. ఎండకి బిరడాలు ఎగిరిపోతున్నాయని, మెడ భాగం ఖాళీగా ఉంచమని లారీవాళ్ళకు చెప్పింది నేనే. దారి కుదుపులకు వాయువంతా ఆ ఖాళీలోకి చేరి, బిరడా తియ్యగానే పోతోంది.

మా చీఫ్ కెమిస్టు మలంచా పేటలో ఉండే తెలుగాయన. నేను చెప్పిందంతా విన్నాడు.

"దొరగారూ, సీసాల సంగతి మనలో మనకు. అప్పన్నని ఈసారికి క్షమించమని నేను రాస్తాను లెండి."

"చెయ్యని తప్పుకు క్షమించడమేమిటండీ?"

"మిల్లు జోలికి పోతే వాళ్ళు ఊరుకుంటారా? మీ రిపోర్టులు తప్పని మీరే రాసుకుంటారా? దివాణం ఎలాగూ పోయింది. ఈ కుర్చీ అయినా నిలబెట్టుకోండి."

ఆయన ఎదుటే కూర్చుని రాశాను. మొదటి పేజీలో: ఈ వేసవిలో నేను సంతకం పెట్టిన ప్రతి అంకె తప్పు, అప్పన్న నా అంకె ప్రకారమే సున్నం పోశాడు. రెండో పేజీలో మిల్లు గొట్టం, నది పరిస్థితి.

అప్పన్న ఉద్యోగం నిలిచింది. నా ప్రమోషన్ పోయింది, పోనీ. కానీ రెండో పేజీ ఫైల్లోంచి మాయమైంది! మిల్లు గొట్టం అలాగే పారింది. సున్నం మోతాదు మాత్రం పెంచారు. ఏటిని కుళ్ళబెట్టినవాడికి చిన్న ఉత్తరం కూడా వెళ్ళలేదు. నెల తర్వాత అప్పన్న కనబడ్డాడు.

"మీ సీసా నిజం సెప్పీసరికి నా నడుం ఇరిగిపోనాది బాబూ. నాలుగింతలు బస్తాలు మోస్తన్నాను."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఆ తర్వాత ఒడ్డుకు వెళ్ళకుండా ఏ అంకెకీ సంతకం పెట్టలేదు. నది సంగతి వేరే పేజీలో ఎన్నడూ రాయలేదు. మనిషి సంగతీ నది సంగతీ ఒకే కాగితం మీద, ఒకే పేరాలో రాశాను. ఒకటి చింపాలంటే రెండోది కూడా చింపాలి.