వెనక్కి తిరిగి వేసిన గోలు

ఫిన్లాండ్‌లోని ఒక చిన్న ఊరి మహిళల జట్టులో స్ట్రైకర్‌గా చేరిన కొత్తలో నేను చాలా రోజులు ఒక్క గోలూ వేయలేదు. స్ట్రైకర్‌ను పెట్టుకునేదే గోల్స్ కోసం. మా ఊరు మత్తూరు ఎర్రమట్టిలో ఆడినన్నాళ్లూ నా కాలికి బంతి తగిలితే చాలు, వలలో పడేది. ఫిన్లాండ్ చలికి కాలివేళ్లు మొద్దుబారి, ఎలా తన్నినా పక్కకే పోయేది. మా కోచ్ మంచావిడ. ఏమీ అనేది కాదు, నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చేది, అంతే.

ఒక మ్యాచ్ చివర్లో నా బూటు లేసు ఊడింది. బంతి దూరంగా ఉంది కదా అని, ఎదుటి జట్టు గోలుకు కాస్త ముందు వంగి ముడి వేసుకుంటున్నాను. ఇంతలో వాళ్ల అమ్మాయి ఒకతె బంతిని తమ గోల్‌కీపర్‌కు ఇచ్చింది. ఆమె దాన్ని మైదానం అవతలికి పంపుదామని బలమంతా పెట్టి తన్నింది. అది సూటిగా వచ్చి నా పిర్రలకు తగిలి, ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా వెనక్కి పోయి వలలో పడింది.

నేను బోర్లా పడ్డాను. ఎవరో కావాలని కొట్టారనుకుని కోపంగా లేవబోతే మా జట్టంతా నా మీద పడి ముద్దులు పెడుతోంది. ఆ గోలుతోనే గెలిచాం. ఆట అయ్యాక ఒకమ్మాయి మైకు పెట్టి ఏదో అడిగింది. నాకు సగమే అర్థమై, "అవును, చాలా ప్రాక్టీసు చేశాం" అన్నాను. ఆమె అడిగింది, ఇది ముందే అనుకున్న ఎత్తుగడా అని.

నేను స్నానం చేసి వచ్చేలోగా ఆ వీడియో మత్తూరు చేరిపోయింది. అమ్మ ఫోన్ చేసింది.

"ఏం పాపా, కాలితో ఆడే ఆట అని కదా చెప్పినావు?"

"కాలితోనేమ్మా. ఇది పొరపాట్న తగిలింది."

"ఎదురింటి అక్క మళ్లా మళ్లా పెట్టి చూస్తా ఉండాది. నేను తల యాడ పెట్టుకోవాల?"

వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చినట్టున్నాడు. "యాడ తగిలితే ఏమి? గోలు గోలే! బిడ్డను ఏమీ అనొద్దు."

సెలవులకు ఊరొచ్చి బస్సు దిగేసరికి, బస్టాండులో నిలువెత్తు ఫ్లెక్సు. అందులో ఉన్నది నేనే. మా మేనమామ దాన్ని టీ అంగడి ఎదురుగా కట్టించాడు. వీడియోలోని బొమ్మలో నా వీపు తప్ప ఏమీ కనబడదని, నా మొహాన్ని చిన్నక్క పెళ్లి ఫోటోలోంచి కత్తిరించి అతికించారు. నెత్తిన మల్లెపూలు, చెవులకు జుంకాలు. ఒళ్లు అటు తిరిగి ఉంది, మొహం ఇటు నవ్వుతోంది.

"మామా, ఇదేంది?"

"మొగం ల్యాకుంటే నువ్వే అని ఎవురికమ్మా తెలిసేది?" అన్నాడు మామ, గర్వంగా.

టీ తాగుతున్న ఒక ముసలమ్మ ఫ్లెక్సునూ నన్నూ మార్చి మార్చి చూసి, నా మెడ తడిమింది. "మెడ బాగనే ఉండాదే! ఆ దేశం చలికి తిరుక్కున్యాదేమో అనుకున్యా."

మర్నాడు నేను చదివిన బడిలో సన్మానం. శాలువా కప్పాక ఆడపిల్లలందరూ ఆ గోలు చూపించాల్సిందేనని పట్టుబట్టారు. కాదనలేక చీరకొంగు దోపి వంగాను. పీటీ టీచరమ్మ గోల్‌కీపర్‌గా నిలబడింది.

"మెల్లగా తన్నండి మేడం" అన్నాను.

"మెల్లగా తంతే గోలు యాడ పడుతుందమ్మా?" అంటూ తన్నింది.

బంతి నా పిర్రలకు తగిలి, బడి గోడ దాటిపోయింది. పిల్లలు ఈలలు వేశారు. తిరుగు ప్రయాణంలో విమానంలో నేను సరిగా కూర్చోలేకపోవడం చూసి, పక్క సీటు పెద్దాయన జాలిగా తన దిండు కూడా ఇచ్చాడు. ఏమైందని అడిగితే, ఆటలో దెబ్బ తగిలిందని చెప్పాను.