జిగురును మెచ్చని మాస్టారు

పదార్థం మాస్టారికి ఈ భూమ్మీద ఏ వస్తువూ నచ్చదు. విశ్వవిద్యాలయంలో పదార్థ విజ్ఞాన శాఖలో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మనిషి, ఒక్క పదార్థాన్నయినా మెచ్చుకుని ఎరగడు. గాజు చూపిస్తే "ఉలుకెక్కువ" అంటాడు. ప్లాస్టిక్ చూపిస్తే "వెన్నెముక లేదు" అంటాడు. ఉక్కు చూపిస్తే "బరువే తప్ప బుద్ధి లేదు" అంటాడు. ఆ పైన పెదవి విరిచి, "ఇదీ ఒక పదార్థమేనా?" అంటాడు. ఆ పేరు అలా వచ్చిందే.

క్యాంటీన్‌లో టీ తాగినా అదే మాట. క్యాంటీన్ యజమాని ఒకసారి నొచ్చుకుని, "ఇది ద్రవం కదండీ సార్" అన్నాడు.

"ద్రవమా? అయితే పారాలి కదయ్యా. కప్పు తిరగేసినా కదలదేం?"

కాబోయే అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే, చెయ్యి పట్టుకుని ఊపి చూసి, "వంగుతాడు గానీ విరగడు. సరేలే" అన్నాడట. మామగారి నోట ఇంతకన్నా మంచి మాట మరొకరికి దక్కలేదని ఆ అల్లుడు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

శాఖాధిపతికి ఆయనంటే హడలు. కొత్త సూక్ష్మదర్శిని కొన్నప్పుడు గోడంత బ్యానరు కట్టించి, "మన శాఖ నవకల్పనలకు నిలయం!" అని ఉపన్యాసం దంచుతుంటే, మాస్టారు ముందు వరసలోంచే, "నవ అనే ముక్క తీసెయ్యండి, సరిపోతుంది. మిగిలిందంతా కల్పనే" అన్నాడు. అతిథులు నవ్వారు. శాఖాధిపతి మాత్రం ఆ ఏడంతా నవ్వలేదు.

ఇలాంటి మనిషి దగ్గర పరిశోధనకు చేరింది జిగురమ్మాయి. కోరి చేరలేదు. మిగతా ప్రొఫెసర్ల దగ్గర ఖాళీలు లేక, తప్పక చేరింది. ఆమె తయారు చేస్తున్నది ఒక కొత్త రకం జిగురు. అతికించిన చోట బీట పడితే కాస్త వేడి తగిలిస్తే చాలు, ఆ బీట దానంతటదే పూడిపోతుంది. ఆ జిగురుతో అతికించిన పట్టీలను యంత్రానికి బిగించి లాగడం, అవి ఊడితే వేడి చేసి మళ్లీ లాగడం, ఇదే ఆమె పని, ఇదే ఆమె లోకం.

"విరిగాక అతకడం ఏం గొప్ప?" అనేవాడు మాస్టారు, నమూనాను వాసన చూసి. "అసలు విరక్కుండా ఉండాలి గానీ."

ఆయన తిట్లకు ఆమె అలవాటు పడిపోయింది. అసలు చిక్కు వేరే ఉంది. నలుగురి ముందు నిలబడితే చాలు, ఆమె నాలుక అంగిలికి అతుక్కుపోయేది. తన జిగురు కూడా అంత గట్టిగా అతకదు. కిందటి సమీక్షలో మొదట "నమస్కారం" అంది, చివర "ధన్యవాదాలు" అంది. మధ్యలో ఏమీ అనలేదు. "తుది పరీక్షలో కూడా ఇలాగే నిలబడితే పట్టా రాదు" అని శాఖాధిపతి తేల్చి చెప్పేశాడు.

తుది పరీక్ష రోజు రానే వచ్చింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ముక్కోపి అని పేరు. జిగురమ్మాయి తెర పక్కన నిలబడింది. మొదటి బొమ్మ పడింది. "నమస్కారం" అంది. పరీక్షకుడు వాచీ చూసుకున్నాడు. శాఖాధిపతి దగ్గాడు.

అప్పుడు మాస్టారు కాలు మీద కాలు వేసుకుని, పరీక్షకుడి వైపు తిరిగాడు. "చెప్పడానికి ఏమైనా ఉంటేగా, చెప్పడానికి? నాలుగు విరిగిన ముక్కలు, వాటికింత బంక. ఇన్నేళ్లూ ఆ కంపు భరించింది నేనండీ. ఇదీ ఒక పదార్థమేనా?"

జిగురమ్మాయి చెవులు వేడెక్కాయి. సొంత విద్యార్థిని పట్టుకుని, పరాయివాడి ముందు ఇంత మాటా!

"బంక కాదు సార్" అంది.

"మరేంటి, ఉమ్మి అనాలా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"బంక ఎండితే ఎండినట్టే సార్. ఇది అలా కాదు. వేడి తగిలినప్పుడు లోపలి బంధాలు విడిపోతాయి. చల్లారేటప్పుడు మళ్లీ కలుస్తాయి. చూడండి!"

"నేన్నమ్మను."

"మీరు నమ్మకపోతే యంత్రం అబద్ధం చెబుతుందా సార్?" అంటూ ఆమె గ్రాఫు మీద గ్రాఫు తెర మీదికి తెచ్చింది. మాస్టారు వెటకారం చేసిన కొద్దీ ఆమె గొంతు పెరిగింది. చివరికి పరీక్షకుడే బల్ల మీద చరిచాడు.

"ఆగండి మాస్టారూ! మీరు ఈ అమ్మాయికి గైడా, పగవాడా? ఆమె ఇంత వివరంగా చెబుతుంటే మధ్యలో ఈ అడ్డేమిటి? నువ్వు చెప్పమ్మా."

ప్రశ్నలతో చీల్చి చెండాడాలని వచ్చిన ఆ ముక్కోపి, మాస్టారి మీది కోపంతో ఆమె తరఫున తనే జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. పట్టా ఖాయమైంది.

చప్పట్లు ఆగీ ఆగకముందే జిగురమ్మాయి మాస్టారి గదికి విసవిసా నడిచింది. ఈరోజు ఆయన్ని కడిగి పారేయాల్సిందే. తలుపు తోస్తే, అప్పుడే వచ్చిన మాస్టారితో పాటు లోపల ఆయన భార్య కూర్చుని ఉంది.

"పాసయ్యావామ్మా?" అంది ఆవిడ ఆత్రంగా లేచి.

"అయ్యానండీ. కానీ సార్..."

"హమ్మయ్య! వారం నుంచీ ఈయన ఇంట్లో ఒకటే గోల. కోపం వస్తేనే నీకు మాట వస్తుందట. అందుకని, ఏమంటే నీకు కోపం వస్తుందో చూద్దామని రకరకాల తిట్లు నా మీద అభ్యాసం చేశారు. ఏదంటే ఎక్కువ మండుతోందో నన్నే చెప్పమంటారు. ఇంతకీ ఉమ్మి అన్నారా? అది నేను చెప్పిందే."

మాస్టారు బల్ల మీది కాగితాలను అటువి ఇటూ ఇటువి అటూ సర్దడం మొదలుపెట్టాడు.

"నువ్వు ఇంటికి పద" అన్నాడు భార్యతో.

"ఉండండి. అమ్మాయ్, మా ఇంట్లో పెద్ద గిన్నెకి పిడి ఊడిపోతే, ఈయన నీ జిగురు తెచ్చి అతికించారు. రోజూ పొయ్యి మీద పెడుతున్నాం, చల్లారాక లాగి చూస్తే ఇంతవరకు కదిలితే ఒట్టు. ఇంటికి ఎవరొచ్చినా ఆ గిన్నె పట్టుకొచ్చి, 'మా అమ్మాయి చేసిన జిగురు ఇది, లాగి చూడండి' అంటారు. మొన్న మా అల్లుడు లాగలేక కింద పడ్డాడు."

జిగురమ్మాయి మాస్టారి వైపు చూసింది. ఆయన చెవుల దాకా ఎర్రబడి, గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయాడు.

"అందులో జిగురు గొప్పేం లేదు" అన్నాడు. "పిడి మంచిది."