‘లేదు’ అనకూడని కొట్టు

వన్ టౌన్‌లో రామకోటేశ్వరరావు గారి చీరల హోల్‌సేల్ కొట్టులో ఒక కట్టుబాటుంది. బేరానికొచ్చిన మనిషితో ‘లేదు’ అన్న మాట అనకూడదు. అడిగిన ఆకుపచ్చ లేకపోతే చిలకపచ్చ పరిచి, “ఇది చూడండమ్మా, దీని అందమే వేరు” అనాలి. రేటు తగ్గించమంటే “ముందు కూర్చోండి, చూద్దాం” అనాలి. అక్కడ చీరలు చూపించే ఆమినాబీ పదకొండేళ్లుగా అలాగే అంటోంది. ఆ మాట తన నోటికి ఎప్పుడు దూరమైపోయిందో ఆమెకే తెలియదు.

రెండో అంతస్తులో, తెల్ల పరుపు మీద, పొద్దుటి నుంచి బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కిటికీకి అడ్డంగా బీరువా పెట్టారు. బయట వానో ఎండో టీ మోసుకొచ్చే మనిషి చెబితేనే తెలిసేది. ముప్పై ఎనిమిదేళ్లకే మోకాళ్లు మొరాయించాయి. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చేది. అలాంటి రోజుల్లో, గవర్నర్‌పేటలో ఓ కళ్ల ఆసుపత్రికి రిసెప్షన్‌లో మనిషి కావాలని తెలిసింది. అక్కడ కూర్చోవడానికి కుర్చీ ఉంది, ఎదురుగా వీధి కనిపిస్తుంది. కాకపోతే నాలుగు ముక్కలు ఇంగ్లీషు రావాలి.

ఆదివారాలు గుణదల వెళ్లి, ఇంగ్లీషు నేర్పే సొలొమోను మాస్టారి వరండాలో, తన కూతురి ఈడువాళ్ల మధ్య కూర్చుంది.

“ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఎప్పుడు. ఈ వరస చెదరకూడదమ్మా,” అనేవారాయన.

మన మాటల్లో చిట్టచివర తీరిగ్గా కూర్చునే క్రియని మధ్యలోకి లాక్కురావడానికి ఆమె నానా తంటాలు పడింది. చీరలు మడతపెడుతూ గొణుక్కునేది. ‘ఐ ఓపెన్డ్ శారీస్ యెస్టర్‌డే. ఐ షోడ్ శారీస్ యెస్టర్‌డే. ఐ ఫోల్డెడ్ శారీస్ యెస్టర్‌డే.’

“ఎప్పుడూ ఆ మూడేనా? మొన్న ఏం చేశావో చెప్పు,” అన్నారు మాస్టారు ఓ ఆదివారం.

“అవే చేశానండి. నా నిన్నా మొన్నా ఒకటేనండి.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, తిరుగు బస్సులో గుండె బరువెక్కింది.

నాలుగు నెలల తర్వాత పంటినొప్పని చెప్పి సగం రోజు సెలవు పెట్టింది. ఆసుపత్రి మేనేజరు మల్లీశ్వరి గారు నిన్నటి సంగతి ఇంగ్లీషులో అడిగితే, తడబడకుండా చెప్పింది. ఆవిడ ముఖం విప్పారింది.

“డిడ్ యు లెర్న్ కంప్యూటర్?” అన్నారు.

ఆమినాబీ కంప్యూటరు ముట్టుకున్నదెప్పుడు గనక! కానీ ఎదురుగా కూర్చుని అడిగే మనిషికి ఆమె ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే.

“యెస్ మేడమ్. ఐ లెర్న్‌డ్.”

మల్లీశ్వరి గారు కంప్యూటరును ఇటు తిప్పి, ఒక పేషెంటు పేరు ఎక్కించమన్నారు. ఆమినాబీ చేతులు ఒళ్లోంచి లేవలేదు.

“రాదని చెప్తే మేమే నేర్పించుకునేవాళ్లం కదమ్మా,” అన్నారావిడ నొచ్చుకుంటూ. “మనుషుల కళ్లతో పని. తెలియనిది తెలుసంటే ఎట్లా?”

వన్ టౌన్‌లో కబురు ఆటో కంటే ముందు చేరుతుంది. మర్నాడు రామకోటేశ్వరరావు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. టీ తెప్పించి, అందరి ముందూ, సొంత కూతుర్ని అడిగినట్టు అడిగారు.

“ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్లావంట? మన దగ్గర నీకేమన్నా లోటుందా అమ్మా?”

మోకాళ్లు సలుపుతున్నాయి. కిటికీకి అడ్డంగా బీరువా అలాగే ఉంది. ఉందండి, అని చెప్పేద్దామనే నోరు తెరిచింది.

“లేదండి,” అంది.

పదకొండేళ్లలో ఆ కొట్టులో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. ఆయన తృప్తిగా తలూపారు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది, బేరం వచ్చినట్టుంది. ఆమినాబీ పరుపు మీద సర్దుకుని కూర్చుని మొదటి చీర విప్పింది.