నీటికి ఊపిరాడలేదన్న అత్త

తొంభైల్లో ఒక వానాకాలం మా మేనత్త భిలాయి వచ్చి, మూణ్ణెల్లు మా సెక్టార్ క్వార్టర్లో ఉంది. నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చేసినా, ఆవిడ భీమిలి అవతల మా ఊళ్ళోనే ఉండిపోయి, ఉప్పుటేట్లో నడుంలోతు నీళ్ళలో నిలబడి బురదలో ఉండే గుల్లలు ఏరి అమ్ముకుని బతికేది. ఆ ఏడు గుల్లలన్నీ చచ్చిపోయాయి. అందుకే వచ్చింది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు కంటే హిందీయే బాగా వచ్చేది నాకు. అత్త మాట స్నేహితురాళ్ళ చెవిన పడుతుందేమోనని కిటికీ మూసేసేదాన్ని.

స్కూల్లో సైన్సు ప్రదర్శన రోజు అమ్మకి జ్వరం. అత్త వచ్చింది. నా బల్ల మీద థర్మాకోల్ చెరువు, అందులో మైనం చేపలు.

"ఏటే, గుల్లల్నేవా ఇందులో?" అంది అత్త.

ఆవిడేమంటోందని సైన్సు మేడం నన్ను హిందీలో అడిగింది. ఊళ్ళో గుల్లలు చచ్చిపోయిన సంగతి చెప్పక తప్పలేదు. మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎలా చచ్చిపోయాయో అడుగు."

అత్త చేతులు తిప్పుతూ మొదలెట్టింది. "ఎండలకి నీరు కదల్నేదు. పచ్చగా నాచు కట్టింది. అది కుళ్ళి అడుక్కి దిగిపోనాది. కుళ్ళిన గుడ్ల కంపు! పీతలు గట్టెక్కీసినాయి, సేపలు పారిపోనాయి. గుల్లలకి కాళ్ళు నేవు కదా! బురద్లోంచి పైకొచ్చి నోళ్ళు తెరిచీసినాయి. అడుగునీటికి ఊపిరాడ్నేదని సెప్పు."

చుట్టూ అమ్మాయిలు మూగారు.

"గంగమ్మకి కోపం వచ్చిందట" అన్నాను హిందీలో. "శాపం పెట్టిందట."

అందరూ గొల్లుమన్నారు. మేడం చిన్నగా నవ్వి, లేచి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అత్త కూడా నవ్వింది.

"బాగా సెప్పినావా?"

"చెప్పాను."

పదకొండో తరగతిలో ఆ మేడమే పాఠం చెప్పింది. నాచు కుళ్ళేటప్పుడు అడుగునీటిలోని ఆక్సిజన్ అయిపోతుందని, చేపలు తప్పించుకుంటాయని, కదల్లేని గుల్లలు బురద పైకి వచ్చి, చిప్పలు తెరుచుకుని చచ్చిపోతాయని. మా అత్త ఇదే చెప్పిందని చెయ్యెత్తి చెప్పాల్సింది. ఎత్తలేదు.

పన్నెండో తరగతి పరీక్షలయ్యాక ఊరెళ్ళాను. ఏట్లో గుల్లలు మళ్ళీ పడుతున్నాయి గానీ బతకడానికి చాలవు. అత్త రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. పక్కన కూర్చుని, ఆ రోజు నేనేం చెప్పానో చెప్పేశాను. ఆవిడ చేతులు ఆగలేదు.

"తెల్సే. నాను సెప్పింది నవ్వే మాట కాదు కదా. ఆళ్ళు నవ్వినారంటే నువ్వింకేటో సెప్పినావనుకున్నాను."

"మరి నువ్వెందుకు నవ్వేవు?"

"నాను మొకం ముడుసుకుంటే అందర్లోనూ నీకే సిగ్గు కదే."

ఆ మేడం అప్పటికీ భిలాయి స్మృతి నగర్‌లోనే ఉండేది. మా ఇంటినుంచి సైకిల్ మీద పావుగంట. తిరిగొచ్చాక, అత్త అసలేం చెప్పిందో చెబుదామని రెండుసార్లు వాళ్ళ గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు.