ఎడమకు లాగే బండి

మా పికప్ ముందు చక్రాలు మూడుసార్లు సరిచేయించాం. మూడుసార్లూ మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ "సీదా అయింది" అన్నాడు. మూడుసార్లూ పత్తిగింజల బస్తాలు ఎక్కగానే బండి మళ్లీ ఎడమకు లాగింది. బిలోలి వెళ్లే దారిలో వంతెన ఉంది. దానికి ఎడమ పక్కన గోడ సగం కూలిపోయింది, కింద నది. మా ఆయన రోజూ దాని మీదుగా పోవాలి. సీజన్‌లో బండి ఆపితే మా పత్తిగింజల దుకాణం నడవదు. ఆపకపోతే నాకు మనిషి దక్కడు. సాయంత్రం బండి హారను వినపడేదాకా దుకాణానికొచ్చే గిరాకీల మీద ఊరికే అరిచేదాన్ని.

నాలుగోసారి నాందేడ్ షెడ్డుకు నేనూ వెళ్లాను, బస్తాలతో సహా. మేస్త్రీ హిమాయత్‌నగర్ వైపు మనిషి, మా తెలుగే మాట్లాడతాడు; వదినను మాత్రం మరాఠీలో వహినీ అంటాడు. ముందు బస్తాలు దింపించాడు. తర్వాత చక్రాల పక్కన వరస చూడ్డానికి దారం పట్టుకుని కూర్చున్నాడు.

"ఖాళీ బండికి దారం పట్టి ఏం చూస్తున్నవ్? అది గుంజేది బస్తాలెక్కినంకనే గదా!"

"ఇన్నేండ్ల సంది గిట్లనే చేస్తున్న వహినీ. నీడకు కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

"నీ చాయ్ మూడుసార్లు తాగిండు మా ఆయన. బస్తాలేసి చూడు."

"నిండు బండి కింద ఎవరు దూరుతరు?"

"నువ్వు దూరవు. మా ఆయన మాత్రం దాన్ని వంతెన మీంచి తోలాలె. మంచిగుంది!"

షెడ్డులో అందరూ నవ్వారు. మా ఆయనకు తల తీసేసినట్టయింది. "ఊకోవే. కాలేజీల బండ్ల సంగతి గూడ చెప్పిండ్రా?"

"బరువు సంగతి చెప్పిండ్రు."

చివరికి నా నోటికి జడిసే బస్తాలు ఎక్కించారు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు కుడివైపు దారం లాగి కొలిచాడు. అదే దారం ఎడమవైపు పెడితే రెండు వేళ్లంత వదులుగా వేలాడింది. మేస్త్రీ నిండు బండి కిందికి దూరాడు. ముందు ఇరుసును ఎడమవైపు కమాను కట్టకు, అంటే స్ప్రింగు పట్టీలకు, పట్టి ఉంచే బోల్టు లోపల తెగి ఉంది. బరువు పడినప్పుడల్లా ఎడమ చక్రం వెనక్కి జరుగుతోంది. "ఇది మతికి రాలే వహినీ," అన్నాడు బయటికి వచ్చి.

కొత్త బోల్టు వేశాక నిండు బండితోనే బయల్దేరాం. నాందేడ్ దాటాక మా ఆయన స్టీరింగు వదిలి చూపించాడు. బండి గీత గీసినట్టు పోయింది. నేను నిశ్చింతగా కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి ఎదురు లారీ హారను. మేం రోడ్డుకు కుడివైపు ఉన్నాం. ఆయన ఉలిక్కిపడి ఎడమకు తిప్పి తప్పించాడు.

"ఇటెందుకు గుంజుతున్నరు?"

"నేను గుంజుతలేనే!"

నిజమే, ఆయనకు తెలియడం లేదు. నెలల తరబడి బండిని కుడికి లాగి లాగి, ఆ చేయి ఇక తనంతట తానే లాగుతోంది. దానికి దారం పట్టే మేస్త్రీ ఏ షెడ్డులోనూ లేడు.

సగం గోడ కూలిన ఆ వంతెన వచ్చింది. అవతలి నుంచి మరో లారీ ఎక్కింది. నేను ఆయన ముంజేతి మీద చేయి వేశాను. కట్టెలా బిగిసి ఉంది.

"వదలండ్రి," అన్నాను. "జర వదలండ్రి."

"వదిలిననే," అన్నాడాయన. నా అరచేతి కింద ఆ చేయి ఇంకా కుడికే లాగుతోంది.