వేళ రాయని కొలతలు

ముప్పై ఒక్క సంవత్సరాలు దివిసీమలో కాలువల మీద నీటిమట్టం కొలిచే ఉద్యోగం చేశాను. ఉదయం ఆరింటికి ఒక కొలత, సాయంత్రం ఆరింటికి ఒక కొలత. వాటిని బట్టే పైనుంచి ఎంత నీరు వదలాలో ఇంజనీర్లు నిర్ణయించేవారు. పదవీ విరమణ చేసి మచిలీపట్నంలో స్థిరపడిన తరువాత ఒకే ఒక్క లెక్క నా చేతికి వచ్చింది. మనవరాలి కోసం మా అమ్మాయి తీసి తెచ్చే పాల లెక్క అది.

అమ్మాయి ముదినేపల్లిలో చేపల చెరువుల నీటిని పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ప్రసవానికి మా ఇంటికి వచ్చి, పాపకు నూట యాభై ఒకటో రోజున తిరిగి ఉద్యోగంలో చేరింది. ఉదయం ఏడుంపావుకు ఇంట్లో బయలుదేరి, గుడివాడ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరూ నలభై. ఈ నడుమ పాప మూడుసార్లు తాగుతుంది, ఒక్కోసారి నూట యాభై మిల్లీలీటర్లు. అంటే రోజుకు నాలుగు వందల యాభై. అమ్మాయి ల్యాబులో మూడుసార్లు పంపుతో పాలు తీసి, సీసాల మీద తేదీ రాసి, ఐస్ ప్యాకులు పెట్టిన సంచిలో తెచ్చేది. సెలవులో ఉండగా తీసి ఫ్రీజర్‌లో దాచినవి మరో పన్నెండు వందలు. పాతవి ముందు, కొత్తవి తరువాత వాడే బాధ్యత నాది.

మా ఆవిడ మొదటి రోజే ఒక పాలపొడి డబ్బా కొని అల్మారాలో పెట్టింది. అవసరమైతే డబ్బాపాలు పట్టవచ్చని డాక్టరుగారూ అన్నారు. పట్టుదల అమ్మాయిది. "ఆరు నెలలు నిండేలోపు ఆ డబ్బా మూత తియ్యాల్సొస్తే ఉద్యోగం మానేస్తాను. రెండూ చెయ్యలేనని ఒప్పుకుంటాను" అంది. చదివిన చదువుకు తగిన ఆ ఉద్యోగం కోసం అది రెండేళ్ళు తిరిగిన సంగతి నాకు తెలుసు. ఆరు నెలలంటే నూట ఎనభై రెండో రోజు.

నేను ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి, తేదీ, తెచ్చినది, తాగినది, నిల్వ అని నాలుగు గడులు పెట్టాను.

"కన్నకూతురనుకున్నారా, కాలవనుకున్నారా?" అంది మా ఆవిడ.

"రాయకపోతే ఏం తెలుస్తుంది?"

"పిల్ల ఏడిస్తే తెలుస్తుందండీ. మీ పుస్తకం చూసి ఏడుస్తుందా అది?"

మొదటి వారం రోజుకు నాలుగు వందల ముప్పై చొప్పున వచ్చింది. రెండో వారం మూడు వందల నలభై చుట్టూ పడిపోయింది. నూట అరవై రెండో రోజు సాయంత్రానికి నిల్వ అయిదు వందల అరవై. రోజుకు నూట పది లోటు. భాగహారం చేసి, నిల్వ సరిగ్గా అయిదు రోజులు వస్తుందని అమ్మాయికి చెప్పాను. అంకెలు అబద్ధం చెప్పవన్న ధీమాతో చెప్పాను.

అది పాపను ఒళ్ళో సర్దుకుంది. "అయితే నాకు పాలు తగ్గిపోతున్నాయన్నమాట. సోమవారం మా ఓనరుగారితో మాట్లాడతాను నాన్నా" అంది.

మా శాఖలో ఒక పద్ధతి ఉండేది. చివరి ఆయకట్టులో మట్టం పడిపోయిందని పైనున్న నీటిని అనుమానించకూడదు. ముందు కాలువ గట్టు వెంట నడవాలి. గండి ఎక్కడో, అడ్డు ఎక్కడో కంటితో చూసిన తరువాతే కాగితం మీద సంతకం పెట్టాలి. మర్నాడు శనివారం నేనూ దానితోపాటు రైలెక్కాను.

ల్యాబు రోడ్డు పక్కన ఒకే గది. దాని వెనక ఖనిజ లవణాల బస్తాలు పేర్చిన చిన్న గది. పాలు తీసేది అక్కడే. తలుపుకు గడియ లేదు, లోపల కుర్చీ అడ్డం పెట్టుకుంటుంది. నేను బయట బల్ల మీద వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. ఉదయం పది నలభైకి లోపలికి వెళ్ళింది. ఇరవై రెండు నిమిషాల్లో ఆ తలుపును అయిదుసార్లు తట్టారు. ఒంటిగంటకు వెళ్ళినప్పుడు మూడుసార్లు. మూడున్నరకు, అంటే రైతులు రిపోర్టుల కోసం చేరే సమయానికి, ఎవరిదో చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని ఫోను. ఏడో నిమిషానికే బయటికి వచ్చేసింది. చేతిలో సీసా చూసి ఒక రైతు, "అది ఏ చెరువు శాంపిలండీ మేడమ్? మరీ తెల్లగా ఉంది!" అన్నాడు.

"అది మా ఇంటి చెరువుదండీ. రిపోర్టు మా అమ్మాయి ఇస్తుంది" అంది మా అమ్మాయి, సీసాను సంచిలో పెట్టి.

తిరుగు రైల్లో అడిగాను. "మూడోసారి రోజూ ఇంతేనా?"

"కొన్ని రోజులు అసలుండదు నాన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు రోజూ ఎంత అని అడిగావు. ఎప్పుడు, ఎంతసేపు అని అడిగావా?"

సముద్రానికి దగ్గరగా ఉన్న కాలువల్లో పోటు వేళ మట్టం లేస్తుంది, పాటు వేళ దిగుతుంది. అందుకే వేళ రాయని కొలతను కొలతగా ఒప్పుకోవద్దని నా కింద చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేవాణ్ణి. నా పుస్తకంలో పన్నెండు రోజుల కొలతలున్నాయి, ఒక్కదానికీ వేళ లేదు. వాటిని పట్టుకుని నేను కన్నబిడ్డ ఉద్యోగం మీద తీర్పు చెప్పాను. "నీకు పాలు తగ్గలేదమ్మా, సమయం తగ్గింది. నా లెక్క తప్పు" అన్నాను. ఆ మాట నా సర్వీసులో రెండుసార్లకు మించి అనలేదు.

సోమవారం అమ్మాయి ఓనరుగారితో మాట్లాడింది, రాజీనామా గురించి కాదు. రిపోర్టులు ఇకనుంచి నాలుగింటికి ఇస్తామని అట్ట మీద రాసి గుమ్మానికి కట్టింది. ఆ రోజూ వెంట వెళ్ళి, గుడివాడలో కొన్న గడియను నేను తలుపుకు బిగించాను. మూడున్నరకు అది లోపలికి వెళ్ళగానే బల్ల మీద కూర్చున్న ఒక రైతు గొణిగాడు.

"ఇరవై నిమిషాలు పిలవకూడదంట. ఈలోపు నా చేపలు తేలిపోతే?"

పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "నీ చేపలకేం కాదులే బావా. పాలు చేపేటప్పుడు గేదె దగ్గరే నువ్వు గట్టిగా దగ్గవు. మనిషి దగ్గర తలుపు బాదుతావా?"

"గేదె తంతుందని దగ్గను."

"మేడమ్ కూడా తంతారు, రిపోర్టుతో."

ఆ రోజు మూడు వందల తొంభై. మర్నాడు నాలుగు వందల ఇరవై. తరువాత నాలుగు వందల నలభైకి పదీ ఇరవై అటూ ఇటూగా నిలబడింది. అయిదో గడికి నా పుస్తకంలో చోటు లేక, మార్జిన్‌లో వేళలు రాశాను.

నూట ఎనభై రెండో రోజు సాయంత్రం అమ్మాయి సంచి దించి, పాపను ఎత్తుకుని, "ఇవాళ ఎంత?" అంది.

"తెచ్చినది నాలుగు వందల నలభై."

"పది తక్కువ."

"ఒంటిగంట సీసాలో పాప పది మిగిల్చింది. అదీ రాశాను. ఫ్రీజర్‌లో ఇంకా రెండు వందల ఇరవై ఉన్నాయి."

మా ఆవిడ అల్మారాలోంచి డబ్బా తీసి, దుమ్ము తుడిచి, "దీన్నేం చెయ్యమంటారు?" అంది.

"గడువు తేదీ రాసుకున్నాను. ఇంకా పదమూడు నెలలుంది, ఉండనీ" అన్నాను.

అమ్మాయి నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. చివరి వరుస చూసి, కొత్త పేజీలో గీతలు గీసింది. ఈసారి అయిదు గడులు. మొదటి గడిలో మరుసటి రోజు తేదీ వేసి, రెండో గడికి పైన 'వేళ' అని రాసి నాకు తిరిగి ఇచ్చింది. తరువాత వాళ్ళమ్మతో, "రేపు శాంపిళ్ళు ఎక్కువున్నాయమ్మా, నా బాక్సు ఏడింటికే సర్దెయ్" అంది.